ఎర్ర గోళీల పాఠం

ఆ కొండ మీది బాలికల ఆశ్రమ పాఠశాలలో పొద్దున్న ప్రార్థన కాగానే ఎవరి గది వాళ్ళు ఊడ్చుకోవాలి. మిగతా తరగతుల పిల్లలు దుమ్ము ఊడిస్తే సరిపోతుంది. పదో తరగతి వాళ్ళు మాత్రం దుమ్ముతో పాటు ముందురోజు టీవీలోంచి రాలినవి కూడా ఊడవాలి.

అది టీవీ కాదు, స్మార్ట్ బోర్డు అని లెక్కల మాస్టారు వరహాలరావు ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు దాన్ని పెద్ద టీవీ అనే అనేవారు. సైన్సు మాస్టారి పోస్టు ఖాళీ అయి చాలాకాలమైంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చలి పడదనో, పిల్లల చదువులనో చెప్పి కిందికి బదిలీ చేయించుకుని పోయారు. చివరికి ప్రభుత్వం మనిషిని పంపడం మానేసి టీవీని పంపింది. దానికి చలి లేదు, మలేరియా రాదు, బదిలీ కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోదు. కరెంటూ, పైకప్పు మీది డిష్షూ ఉంటే చాలు, అందులోంచి ఒక బొమ్మ అక్క నవ్వుతూ వచ్చి రసాయనశాస్త్రం చెబుతుంది. తెల్లకోటు, రెండు జడలు, తలనొప్పి అంటే ఏమిటో తెలియని మొహం. ఆమె వేలు ఆడిస్తే పరమాణువులు గోళీలై గెంతుతాయి. తెల్లవి హైడ్రోజన్, ఎర్రవి ఆక్సిజన్, నల్లవి కార్బన్.

ఘాట్ రోడ్డు గతుకుల్లో జీపు మీద తెచ్చేటప్పుడు ఆ టీవీ కింది మూల చట్రం కాస్త వదిలి సందు పడింది. గోళీలు రాలేది ఆ సందులోంచే. పోయిన ఏడాది పదో తరగతికి లవణాల పాఠం నడిచిన రోజు వంట నాగలక్ష్మి చేట పట్టుకొచ్చి గుమ్మం దగ్గరే కూర్చుంది, రాలిన ఉప్పు వారం రోజులు సాంబారులోకి వచ్చింది. ఆమ్లాల పాఠానికి మాస్టారు ముందే ప్లాస్టిక్ బకెట్ పెట్టించారు. తెల్ల గోళీలు కింద నిలవవు, పైకి లేచి పైకప్పు రేకులకి అతుక్కుంటాయి. పిల్లలు బల్లలెక్కి చీపుళ్ళతో వాటిని కిటికీలోంచి బయటికి తోలేవారు.

"ఆ తెల్లవి నా పొయ్యి వేపు ఒగ్గకండే, కొంప అంటుకుంటాది" అని నాగలక్ష్మి వంటింట్లోంచి కేకేసేది.

గాయత్రి ఆ ఏడాది పదో తరగతి. ఊరు పనసగుడ, బడికి రెండు గెడ్డల అవతల, అంటే రెండు కొండవాగులు దాటాలి. తల్లి అప్పలనర్సమ్మ చాలా ఏళ్ళు కొండ దిగువన కంకర క్రషర్లో రాళ్ళెత్తింది. రాతిపొడి ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని విశాఖలో డాక్టర్లు ఫోటో తీసి చూపించారు. క్రషర్ ఓనరు ఫోటో చూడను కూడా లేదు. ఇంటి దగ్గర రోజూ ఆక్సిజన్ పెట్టుకోవాలి, దానికో మిషను ఉంటుంది, కరెంటు మీద నడుస్తుంది అన్నారు డాక్టర్లు. పనసగుడకి కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది. అందుకని అప్పలనర్సమ్మ గోడకి చేరగిలబడి కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే ఊపిరాడదు. ఆమె ఊపిరి తీసే చప్పుడు వాకిట్లోకి వినిపించేది.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తలో, నీటిని కరెంటుతో విడగొట్టే పాఠం వచ్చింది. గాజు తొట్టి, అందులో రెండు కడ్డీలు. ఒక కడ్డీ దగ్గర తెల్లవి, ఇంకో కడ్డీ దగ్గర ఎర్రవి, ఎర్రవి ఎప్పుడూ జంటలుగా. ఆ శనివారం గాయత్రి తల్లికి చూపిద్దామని ఊడ్చిన ఎర్రవాటిలోంచి గుప్పెడు ఓణీ కొంగులో మూటగట్టి తీసుకెళ్ళింది. అప్పలనర్సమ్మ ఒకదాన్ని వెలుగులో చూద్దామని మొహం దగ్గరికి తెచ్చుకుంది. గోళీ పెదాల దగ్గరికి రాగానే వెన్నలా కరిగి లోపలికి పోయింది. ఆమెకి ఊపిరి నిండుగా అందింది. తరవాత ఇంకోటి తీసుకుంది. మూట అయిపోయేసరికి లేచి నిలబడి, చాలాకాలం తరవాత తన వాకిలి తనే ఊడ్చుకుంది.

"ఏటే ఇవి?" అంది చీపురు పక్కన పెట్టి.

"ఆక్సిజనమ్మా. మా ఇస్కూల్లో టీవీలోంచి రాల్తాయి."

"మరి ఇంకొన్ని తేలేకపోయావేటి?"

సోమవారం నుంచి గాయత్రి తండ్రి సుక్రు సాయంత్రాలు బడికి రావడం మొదలుపెట్టాడు. దోమలకని పంచిన తెరని సంచిలా కుట్టుకుని వచ్చేవాడు. పిల్లలు ఎర్రవి ఏరి అందులో పోస్తే భుజాన వేసుకుని గెడ్డలు దాటి వెళ్ళిపోయేవాడు. ఊపిరి బరువు కాదు కాబట్టి ఆ మూటకి బరువుండేది కాదు. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ ఒకసారి అప్పలనర్సమ్మని పరీక్ష చేసి, "ఎర్రవే కదా ఇస్తున్నారు? తెల్లవి కలవకుండా చూసుకో" అని సుక్రుకి చెప్పింది.

చిక్కల్లా ఒకటే. ఎర్ర గోళీలు ఆ పాఠం నడుస్తున్నంతసేపే రాలతాయి. ఒక్క సంచి అప్పలనర్సమ్మకి ఒక రాత్రికి, మర్నాటి పగటికి వస్తుంది. పాఠం మారిన రోజున ఆమె మళ్ళీ గోడకి చేరగిలబడాల్సిందే.

పాఠం మారే రోజు వచ్చింది. మాస్టారు రిమోట్ పట్టుకుని, "ఇది అయిపోయింది కదా, రెండో పాఠం పెడుతున్నాను" అన్నారు. గాయత్రి పక్కన కూర్చునే సోని లేచి నిలబడింది. క్లాసులో అందరికన్నా పొట్టిది, గొంతు మాత్రం పెద్దది.

"సార్, ఇదే మళ్ళా ఎయ్యండి."

"ఏం, అర్థం కాలేదా?"

"అర్థమయ్యినాది సార్. గాయత్రోలమ్మకి సాలవు."

మాస్టారు గాయత్రి వైపు చూశారు. ఆ పిల్ల తల దించుకుంది.

"పరీక్షలో ఒక్క పాఠమే ఇస్తారేంటే? మిగతావన్నీ ఎవరు రాస్తారు?" అన్నారు మాస్టారు.

"అవి తరవాత సూసుకుంటాం సార్" అంది సోని. వెనక బెంచీల వాళ్ళు కూడా అదే అన్నారు.

ఆ కొండల్లో ఒక ఇంట్లో మనిషి మంచాన పడి చేను కలుపులో ఉండిపోతే, ఊరంతా తమ చేలు పక్కన పెట్టి ముందు ఆ చేలో దిగుతుంది. ఎవరూ పిలవరు, ఎవరూ లెక్క రాసుకోరు. ఆ చేను పూర్తయ్యాకే ఎవరి చేనుకి వాళ్ళు వెళతారు. పిల్లలకి తెలిసిన పద్ధతి అది. పాఠమూ చేనులాంటిదే అనుకున్నారు. పరీక్షలకి అలాంటి పద్ధతులు తెలియవని వాళ్ళకి ఎవరు చెప్పాలి?

గాయత్రికి మాత్రం భయం వేసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర సోనితో, "ఒగ్గీండే, మీరంతా ఫెయిలైపోతారు" అంది.

"మీ సేను అయ్యాక మా సేనుకి వద్దువుగానిలే, తిను" అంది సోని.

వరహాలరావు మాస్టారు చెడ్డవారు కాదు. విజయనగరం దగ్గర భార్యా పిల్లలూ, ఇక్కడ ఒంటరి గదీ, లెక్కల పైన సైన్సు కూడా మెడకి తగిలించారన్న కడుపుమంటా ఉన్న మామూలు మనిషి. అప్పలనర్సమ్మ మీద జాలి నిజమైనదే. అయితే అదే పాఠం మళ్ళీ మళ్ళీ నడుస్తుంటే బడి వెనక బండ ఎక్కి, సిగ్నల్ దొరికే చోట కూర్చుని ఇంటికి ఫోన్ చేసుకోవచ్చన్నదీ నిజమే. జాలీ సుఖమూ ఒకే దారిలో కలిసొస్తే మనిషి ఆ దారిని తప్పుపట్టడు. ఆయన రిమోట్ సోని చేతికిచ్చి వెళ్ళిపోయేవారు.

వానలు వచ్చి పోయాయి. వలిసె చేలు పచ్చగా పూశాయి, కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. పదో తరగతి గదిలో పొద్దున్నా, మధ్యాహ్నమూ, సాయంత్రం చదువు గంటలోనూ నీళ్ళు విడిపోతూనే ఉన్నాయి. భౌతికశాస్త్రం గంట కూడా దానికే పోయింది. బొమ్మ అక్క నోరు తెరిచేలోపే పిల్లలు ఆమె మాటలు అప్పజెప్పేసేవారు. సైన్సు పుస్తకంలో మొదటి పాఠం పేజీలు నలిగి మెత్తబడ్డాయి, తరవాతి పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

అప్పలనర్సమ్మ ఆ కాలంలో మళ్ళీ మనిషైంది. కాఫీ తోటలో పళ్ళు కోసింది. సంతకి నడిచి వెళ్ళి రాజ్‌మా గింజలు అమ్మి, కూతురికి చెవి రింగులు కొంది. ఒకరోజు సుక్రుతో పాటు తనే బడికి వచ్చి, కిటికీ బయట నిలబడి టీవీలోని బొమ్మ అక్కని చూసింది.

"మంచి గుంటే. అన్నం తింటాదా ఈ పిల్ల?" అంది.

"బొమ్మమ్మా అది" అంది గాయత్రి.

"అయితే ఏటి. ఇన్నిసార్లు సెప్పి సెప్పి అలిసిపోదేటి." ఆమె ఊపిరి చప్పుడు లేకుండా నవ్వింది. గాయత్రికి తన జ్ఞాపకంలో తల్లి అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక ఆ పిల్ల పాఠం మార్చమని మళ్ళీ అడగలేదు. తరగతి మొత్తం తన ఇంటి కోసం వెనకబడుతోందని తెలిసి కూడా అడగలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక జిల్లా కేంద్రం నుంచి సర్వేశ్వరరావు గారనే అధికారి కారులో వచ్చారు. వెనక వ్యానులో పెద్ద అట్టపెట్టె. ముందే ఫ్లెక్సీ కట్టించారు, పూలగుత్తులు తెప్పించారు. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి ఆయన మైకు అందుకున్నారు.

"రాష్ట్రంలో ఇన్ని వేల స్కూళ్ళున్నాయి. ఒక్క పాఠాన్ని మీరు చూసినంతసేపు ఇంకెవరూ చూడలేదు. ఎవరు ఎంతసేపు చూశారో మాకు ఆఫీసులో కంప్యూటర్ మీద కనపడుతుంది. కొండల్లో పిల్లలకి చదువు మీద ఇంత శ్రద్ధ ఉందంటే మా కళ్ళు చెమర్చాయి. అందుకని ఉత్తమ డిజిటల్ పాఠశాల అవార్డు మీకే. దాంతో పాటు సరికొత్త స్మార్ట్ బోర్డు. పాతది మేం తీసుకెళతాం."

అందరూ చప్పట్లు కొట్టాలని చిన్న తరగతుల వాళ్ళకి ముందే చెప్పారు కాబట్టి వాళ్ళు కొట్టారు. పదో తరగతి వాళ్ళు కొట్టలేదు. గాయత్రి లేచి నిలబడింది.

"సార్, మాకు కొత్తది వద్దండి. పాతదే ఉండనివ్వండి. దాని మూలన్నించి ఆక్సిజన్ రాల్తాది. మా అమ్మ దాంతోనే బతుకుతోంది సార్."

సర్వేశ్వరరావు గారు మంచిగానే విన్నారు. గదిలోకి వచ్చి, పాఠం పెట్టించి, వంగి కింది మూల చూశారు. ఎర్ర గోళీల జంట ఒకటి సందులోంచి దొర్లి ఆయన బూటు దగ్గర ఆగింది. ఆయన వేలితో చట్రం నొక్కి చూశారు.

"లీకేజీ. ఇన్నాళ్ళూ ఎందుకు రిపోర్టు చెయ్యలేదు మాస్టారూ? వారంటీలో ఉన్న వస్తువు కదా." తరవాత గాయత్రి తల మీద చెయ్యి వేశారు. "భయపడకమ్మా. కొత్తదాంట్లో ఈ ప్రాబ్లం ఉండదు."

"అదిగాదు సార్, ఆ పాతదాన్ని మాకిచ్చీండి. మా అయ్య మోసుకుపోతాడు."

"ప్రభుత్వ ఆస్తి తల్లీ. ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకూడదు."

మాస్టారి భుజాల మీద అప్పటికే శాలువా ఉంది. ఆయన ఆ శాలువాతోనే ఒక అడుగు ముందుకు వేసి, "సార్, పరీక్షలయ్యేదాకా పాతది కూడా ఉంచితే..." అన్నారు.

"రెండు బోర్డులు ఒక క్లాసుకి ఎలా చూపిస్తామండీ? పైగా ఫోటో ఇవాళే పైకి వెళ్ళాలి."

మాస్టారు ఇంకేమీ అనలేదు. అనాల్సింది. అడ్డం పడుకోవాల్సింది, శాలువా ఆ అధికారి మొహానే కొట్టాల్సింది. చెప్పడానికేం, ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెబుతాం. మాస్టారు ఫోటోకి నిలబడ్డారు. పాత టీవీ అట్టపెట్టెలోకి వెళ్ళేటప్పుడు లోపల ఇంకా గోళీలు గలగలమంటూనే ఉన్నాయి.

కొత్తదానికి ఎక్కడా సందు లేదు. పిల్లలు నాలుగు అంచులా వేళ్ళతో తడిమారు. సోని కంపాస్ ముల్లుతో మూల పెకలించబోయింది. ముల్లు వంగింది. జీపు కుదుపుకే కదా పాతదానికి సందు పడింది అని నలుగురైదుగురు కలిసి స్టాండుతో సహా ఊపి ఊపి చూశారు. మాస్టారు గుమ్మందాకా వచ్చి, చూసి, చూడనట్టు వెళ్ళిపోయారు. అద్దం వెనక ఎర్ర గోళీలు ఇదివరకటి కంటే నిగనిగలాడుతూ గెంతాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

పదో తరగతి పిల్లలు తమ రేకు పెట్టెలు తీశారు. ఆటకని, ముచ్చటకని తలా ఒకటో రెండో బట్టల మధ్య దాచుకున్నారు. అన్నీ తెచ్చి సుక్రు దోమతెరలో వేశారు. నాగలక్ష్మి వంటింటి మూలల్లో వెతికి దొరికినవి తెచ్చింది. సంచి అడుగు కూడా నిండలేదు. అప్పలనర్సమ్మ వాటిని పొదుపుగా వాడుకుంది, ఊపిరి బొత్తిగా అందనప్పుడే ఒకటి తీసుకునేది. శివరాత్రికి ముందు, కూతురు సెలవు మీద ఇంట్లో ఉండగానే, గోడకి చేరగిలబడి కూర్చునే కన్నుమూసింది. సంచిలో ఇంకా ఒక జంట మిగిలి ఉంది. పరీక్షల చదువుకి కూతురు రాత్రుళ్ళు మేలుకుని అలిసిపోతే అక్కరకొస్తుందని ఉంచిందట. ఆ మాట సుక్రు చెబుతుంటే ఎవరూ అతని మొహం చూడలేకపోయారు.

పనసగుడలో మనిషి పోతే, పెద్దదినం అయ్యేదాకా ఆ మనిషి వాడినవి ఎవరూ ముట్టుకోరు. కంచం, చాప, కొడవలి అన్నీ చూరు కింద ఒకచోట పెట్టేస్తారు. పెద్దదినం మరుసటి పంట చేతికొచ్చాకే చేస్తారు, ఊరందరికీ అన్నం పెట్టాలి మరి. పరామర్శకి వెళ్ళిన తరగతి పిల్లలు సుక్రు ఆ సామాను సర్దుతుంటే చూస్తూ నిలబడ్డారు. చివరికి అతను దోమతెర సంచిని, అందులో జంటతో సహా, చాప మీద పెట్టాడు.

"అది కూడానా మావా?" అని అడిగింది సోని.

"అదీ దాందే కదమ్మా" అన్నాడు సుక్రు.

మార్చిలో పరీక్షలు. బొమ్మ అక్క నెలన్నరలో మిగతా పాఠాలన్నీ నవ్వుతూ చెప్పేసింది. పిల్లలకి ఆ వేగం అందలేదు. సైన్సు పేపరు ఇచ్చినప్పుడు అందరూ గబగబా ప్రశ్నలు చదువుకున్నారు. చాలావాటికి తల కూడా తెలియలేదు, తోక కూడా తెలియలేదు. వెనక పేజీలో, ఎక్కువ మార్కుల ప్రశ్నల్లో ఒకటి: నీటి విద్యుద్విశ్లేషణను పటం గీసి వివరించండి.

రాష్ట్రంలో ఆ ప్రశ్నకి వాళ్ళకంటే బాగా జవాబు రాయగలవాళ్ళు లేరు. అది రాస్తే చాలామంది గట్టెక్కేవారు. గాయత్రి ప్రశ్న చదివి, పెన్ను చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తరవాత ఆ జాగా వదిలేసి పేపరు మడిచింది. తల ఎత్తి చూస్తే ముందు బల్ల దగ్గర సోని పెన్నుకి మూత పెట్టేసి ఉంది. ఆ పక్క పిల్ల కూడా అంతే.

బయటికొచ్చాక గాయత్రి సోని చెయ్యి పట్టుకుంది. "నువ్వెందుకే ఒగ్గేసినావు? నీకేటి సంబంధం?"

"ఆ పాఠమూ మీయమ్మదే కదే. పెద్దదినం ఇంకా అవలేదు" అంది సోని.

ఫలితాలు వచ్చాయి. సైన్సులో తరగతిలో సగానికి పైగా తప్పారు, గాయత్రీ సోనీ వాళ్ళలోనే ఉన్నారు. గురుకుల కాలేజీలో సీటు మాట అక్కడితో పోయింది. సోనికి ఇంటి దగ్గర సంబంధం చూడడం మొదలుపెట్టారు. ఉత్తమ డిజిటల్ పాఠశాలలో ఇలా ఎందుకైందని పై ఆఫీసు వాళ్ళు కంగారుపడి, ఏ ప్రశ్నకి ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో తీయించారు. వారంలో ఉత్తర్వు వచ్చింది. మాస్టారు దాన్ని సప్లిమెంటరీ క్లాసులో పైకి చదివారు.

"మీ పాఠశాల విద్యార్థినులు నీటి విద్యుద్విశ్లేషణ అంశంలో అత్యంత వెనకబడి ఉన్నట్లు గుర్తించడమైనది. సప్లిమెంటరీ పరీక్షల వరకు సదరు పాఠమును పదే పదే చూపించవలసినదిగా..."

ఆయన అక్కడితో చదవడం ఆపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వేరే దారి లేక రిమోట్ నొక్కారు. ఈసారి బండ మీదికి వెళ్ళలేదు, వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నారు.

గాజు తొట్టి వచ్చింది. కడ్డీలు వచ్చాయి. అద్దం లోపల ఎర్రవి జంటలు జంటలుగా పైకి లేచాయి. కొత్త బోర్డులో బొమ్మ అక్క పాఠం చెప్పి ఊరుకోదు, మధ్యలో ఆగి ప్రశ్నలు కూడా అడుగుతుంది. ఇప్పుడూ ఆగింది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "పిల్లలూ, ఈ ఎర్ర గోళీలు ఏమిటో అందరూ గట్టిగా చెప్పండి చూద్దాం" అంది.

గాయత్రి బల్ల మీద చేతులు పెట్టుకుని అద్దం వైపు చూస్తూ కూర్చుంది. సోని నోరు మెదపలేదు. గదిలో ఎవరూ నోరు మెదపలేదు. మాస్టారు కూడా మెదపలేదు.

తనకి పెట్టిన గడువు అయ్యేదాకా అక్క చెవి దగ్గర చెయ్యి తీయకుండా నవ్వుతూ నిలబడింది. తరవాత చప్పట్లు కొట్టి, "శభాష్, అందరూ సరిగ్గా చెప్పారు" అంది.